సాకెట్ కలిసింది, స్క్రీన్ మాత్రం నల్లగానే!

గేమింగ్ కంప్యూటర్‌కి మదర్‌బోర్డు, ప్రాసెసర్ ఎంచుకునేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఏఎండీ ప్రాసెసర్లు కూర్చునే ఏఎం5 సాకెట్ ఉన్న బోర్డు తీసుకుంటే డీడీఆర్5 అనే కొత్త తరం ర్యామ్ తప్పదు, నా దగ్గరున్న పాత తరం డీడీఆర్4 స్టిక్కులు మూలన పడాల్సిందే. అవి పారేయడం ఇష్టం లేక ఇంటెల్ ప్రాసెసర్లు కూర్చునే ఎల్‌జీఏ1700 సాకెట్ వైపు వెళ్లాను. అందులో డీడీఆర్4 బోర్డులున్నాయి, డీడీఆర్5 బోర్డులూ ఉన్నాయి, పేర్లు మాత్రం కవల పిల్లల్లా ఉంటాయి. ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండవట. ఒక్క అక్షరం మీద ఇంత కథా!

సరే, అన్నీ సరిచూసుకునే కొన్నాను. పవర్ బటన్ నొక్కాను. ఫ్యాన్లు గిర్రున తిరిగాయి, స్క్రీన్ మీద చుక్క వెలుగు లేదు. బోర్డు మూలన చిన్న ఎర్ర లైటు, పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో ‘సీపీయూ’. ర్యామ్ పీకి పెట్టాను, కేబుళ్లు మార్చాను, రెండు గంటలు పోయాయి.

తీరా చూస్తే బోర్డు ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్ల నాటిది, నేను పెట్టింది 14వ తరం ప్రాసెసర్. సాకెట్ ఒకటే, కానీ బోర్డులోని పాత బయోస్‌కి, అంటే కంప్యూటర్‌ని నిద్రలేపే చిన్న సాఫ్ట్‌వేర్‌కి, ఈ కొత్త చుట్టం ఎవరో తెలియదు. అప్‌డేట్ చేద్దామంటే కంప్యూటర్ ఆన్ అవ్వాలి, ఆన్ అవ్వాలంటే అప్‌డేట్ చేయాలి! ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ ఎక్కించే బటన్ కొన్ని బోర్డులకు వెనక ఉంటుంది. నా బోర్డుకి ఆ చోట నున్నటి రేకు ఉంది.

ఇప్పుడు 12వ తరం ప్రాసెసర్ ఒక్క పూట అరువిచ్చే పుణ్యాత్ముడి కోసం వెతుకుతున్నాను.