వెయ్యి గజాల వీరుడు

తిరుపతిలో గాలి ఎటు వీస్తున్నదో తెలుసుకోవడానికి ఇన్నాళ్లూ మిద్దె మీద ఆరేసిన పంచె సరిపోయేది. ఇప్పుడు ఆ శాస్త్రీయ బాధ్యతను మా పక్కింటి కుర్రవాడు తలకెత్తుకున్నాడు. ఫోనునే గురువుగా వరించి వెయ్యి గజాల దూరం నుంచి గుండు పేల్చే వేట అభ్యసిస్తున్న ఆ మహానుభావుడు, శేషాచలం కొండలు అడ్డం లేకుండా కనిపిస్తాయన్న కారణంతో మా మిద్దెను తన తపోవనంగా ఎంచుకున్నాడు.

ఆదివారం ఉదయం ఆయన వేంచేసే వైభవం చూడవలసినదే. చంకలో చాప, భుజాన ఇసుక నింపిన రేషన్ బియ్యం సంచి, చేతిలో లైసెన్సు అక్కరలేని గాలి తుపాకి, దాని మీద తుపాకి ధరకు మూడింతలు పోసి వాయిదాల్లో కొన్న, దూరాన్ని దగ్గర చేసి చూపే స్కోపు. మా అమ్మ ఎండబెట్టిన వడియాల పక్కనే బోర్లా పడుకొని, గాలి వేగం కొలిచే, పిడికిట్లో పట్టే గాలి మీటరును పైకెత్తి, అంకెలు పుస్తకంలో రాసుకొని, కన్ను మూస్తాడు.

"ఏం అబ్బోడా, పడుకునేదానికి మీ ఇంట్లో జాగా లేదా?" అని మా అమ్మ అడిగింది.

"అవ్వా, ఊపిరి బిగబట్టినా. పలకరించొద్దు."

నీళ్ల ట్యాంకు ముందు, పన్నెండు అడుగుల దూరంలో నిలబెట్టిన కొబ్బరినూనె డబ్బా ఆయన లక్ష్యం. డబ్బా చెక్కుచెదరలేదు, ట్యాంకు పైపు మాత్రం చిట్లి సన్నగా ధార కట్టింది. కారణం భూభ్రమణమట! భూమి తిరగడం వల్ల గుండు పక్కకు జరగడమన్నది వెయ్యి గజాలకు కొన్ని అంగుళాల మాట. మా మిద్దె మీద మాత్రం భూమి మరికాస్త వేగంగా తిరుగుతున్నట్టుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా గాలి తుపాకితో బంగారు పతకం గెలిచినది పది మీటర్ల దూరం నుంచేననీ, అక్కడ పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరేననీ చెప్పి చూశాను. "పది మీటర్లేనా?" అని పెదవి విరిచాడు.

ఇంతకూ ఈ సాధన ఎందుకని అడిగితే, దుప్పిని కొట్టడానికట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దృష్టిలో కొట్టడమే కాదు, ఉచ్చు వేయడమూ, కొట్టబోవడమూ కూడా వేటే. అదలా ఉంచండి. మామూలు వేట రైఫిలు గుండు వెయ్యి గజాలు దాటడానికి ఒకటిన్నర సెకనుకు పైగా పడుతుంది. ఆ దారిలో అది ముప్పై అడుగులు కిందికి జారుతుంది. ఆలోపు దుప్పి రెండడుగులు వేస్తే గుండెకు పెట్టిన గురి పొట్టలో దిగుతుంది. పేగులు చీలిన ఆ మూగజీవం పొద కింద రాత్రంతా దప్పికతో కొట్టుకుంటుంటే, నెత్తుటి జాడ పట్టుకొని వెళ్లేవాడెవడు? సంతకు నడవడానికే ఆటో పిలిచే ఈయనా? శ్రీకాళహస్తి తిన్నడూ వేటగాడే. విల్లు పట్టినవాడికి జంతువు ఊపిరి వినిపించేంత దగ్గరికి పోక తప్పదు. దాని కళ్లలోకి చూడక తప్పదు. చూడకుండా చంపగలగడమే విద్య అనుకునేవాడికి వేటగాడన్న పేరు కూడా దండగ.

ఆ విద్యలో ఆరితేరినవాళ్లు మన దగ్గర ముందే ఉన్నారు. పలమనేరు వైపు పొలాల్లో అడవిపందుల కోసమని కంచెకు దొంగ కరెంటు కలిపి, స్విచ్చి వేసి, ఇంటికి వెళ్లి దుప్పటి ముసుగుతన్నేవాడికి స్కోపు కూడా అక్కరలేదు. తెల్లారి ఆ తీగ మీద పడి ఉండేది కౌండిన్య అడవి ఏనుగు కావచ్చు, నీళ్లు కట్టడానికి పోయిన పక్కపొలం రైతు కావచ్చు. సిగ్గులేని చావు అది. ఆ సిగ్గుమాలినతనం చచ్చినవాళ్లది కాదు, చంపినవాడిది! దానికి 'పంట రక్షణ' అని పేరు పెట్టుకుంటారు.

మొన్న ఆదివారం మన వీరుడు ఊపిరి బిగబట్టి ఉండగా, మూరెడు దూరంలో కాకి వచ్చి వాలి వడియం ముక్కున కరుచుకుంది. తుపాకి అటు తిప్పాడు గానీ, అంత దగ్గరిది స్కోపులో మసకగా కనిపిస్తోందట. మా అమ్మ మెట్ల దగ్గర నుంచే చెప్పు విసిరింది. కాకి వడియాన్ని వదిలేసి ఎగిరిపోయింది. కుర్రవాడు లేచి కూర్చొని, ఆ చెప్పునూ, తన గాలి మీటరునూ మార్చి మార్చి చూశాడు.