చెరపడానికే ఖర్చు

మే నెలలో ఒక మధ్యాహ్నం మా ఆఫీసు సర్వర్ గదిలో ఏసీ ఆగిపోయింది. అరగంటలో ఆ గది ఇటుకల బట్టీ అయింది. కొత్తగా చేరిన బీటెక్ కుర్రాడు "ఇన్ని లెక్కలు చేస్తున్నాయి కదా సార్, వేడెక్కవా మరి!" అన్నాడు. ఏసీ కంటే ఆ మాటే నన్ను ఎక్కువ ఉడికించింది. లెక్క చేస్తే వేడి పుట్టి తీరాలని ఏ భౌతిక నియమమూ చెప్పదు. రుసుము కట్టాల్సింది చెరిపినప్పుడే.

1961లో ఐబీఎంలో పనిచేస్తున్న రోల్ఫ్ లాండవర్ తేల్చిన సంగతి ఇది. ఒక బిట్‌ను, అంటే సున్నానో ఒకటో దాచుకునే ఒక్క గడిని, చెరిపితే కనీసం కొంత వేడి బయటికి పోవాల్సిందే. ఎంత? ఒక జౌల్‌ను 1 పక్కన 21 సున్నాలున్న సంఖ్యతో భాగిస్తే వచ్చేదానికి, మామూలు గది ఉష్ణోగ్రత దగ్గర, సుమారు 3 రెట్లు. 2012లో లేజర్ కాంతితో ఒక సూక్ష్మ కణాన్ని పట్టి ఉంచి ప్రయోగంలోనూ చూపించారు.

మన పిల్లలను నిద్రలో లేపినా యాండ్ గేటు పట్టిక ఒప్పజెబుతారు: లోపలికి వెళ్లినవి రెండూ ఒకట్లయితేనే ఒకటి, లేదంటే సున్నా. రెండు బిట్లు లోపలికి వెళితే ఒకటే బయటికి వస్తుంది. సున్నా వచ్చిందంటే లోపలికి వెళ్లింది మూడు జతల్లో ఏదో చెప్పలేం. మరి ఆ సమాచారం ఏమైనట్లు? నాకు పాఠం చెప్పిన ఒక్క లెక్చరరూ ఈ ప్రశ్న వేయలేదు. వేడై పోయిందయ్యా!

1973లో చార్లెస్ బెన్నెట్ దారి చూపాడు. లెక్క చేసి, జవాబును ఖాళీ చోట రాసుకుని, వచ్చిన దారినే అడుగు తప్పకుండా వెనక్కి నడవాలి. అప్పుడు మధ్యలో రాసుకున్న చిత్తు లెక్కల చెత్త మిగలదు, తుడవాల్సిన పనీ ఉండదు. మన ప్రాసెసర్లు మాత్రం అంకె వేసిన ప్రతిసారీ పలక తుడుస్తూ కూర్చుంటాయి. ఆయన చూపిన ఉదాహరణ మన ఒంట్లోనే ఉంది: డీఎన్‌ఏను చూసి ఆర్‌ఎన్‌ఏ రాసే పాలిమరేజ్ అనే ఎంజైము ముందుకే కాదు, వెనక్కీ నడవగలదు. చుట్టూ ఉన్న అణువుల గాఢతలు దాన్ని కాస్త ముందుకు మొగ్గేలా చేస్తాయి, అంతే. ఆ మొగ్గు ఎంత స్వల్పమైతే పని అంత నెమ్మది, ఖర్చు అంత తక్కువ. హబ్సిగూడలో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ ఉన్న ఊరు మనది. అక్కడి వాళ్లూ గచ్చిబౌలి వాళ్లూ ఒకే టీ బండి దగ్గర నిలబడి దీని గురించి మాట్లాడుకోగా నేను చూడలేదు.

"నేటి చిప్‌లు లాండవర్ చెప్పిన ఆ కనీస హద్దుకు వేల రెట్లు పైన ఉన్నాయి, ఇప్పుడెందుకీ గోల" అంటారు. నిజమే, కానీ అందులో దుబారా ఎంత! చిప్‌లో విద్యుత్తును నిలిపి ఉంచే కెపాసిటర్‌ను ఒక్కసారిగా నింపితే, తీగ ఎంత మేలైనదైనా, అందులో నిలిచినంత శక్తీ దారిలోనే వేడిగా పోతుంది. ఆ నిలిచినదాన్ని కూడా తర్వాత పారబోస్తాం. మెల్లగా నింపి మెల్లగా వెనక్కి తీసుకుంటే చాలా మిగులుతుంది. అమీర్‌పేటలో మెట్రో బ్రేకు వేస్తే రైలు వేగంలో కొంత కరెంటై లైనులోకి తిరిగి చేరుతుంది. రైలుకు నేర్పిన పొదుపు చిప్‌కు నేర్పడానికి ఏమి అడ్డం? వేగం తగ్గుతుంది, మెమరీ ఎక్కువ కావాలి, ఒప్పుకుంటాను. ఏసీ బిల్లు చూశాక బేరం ఆడవచ్చు.

ఆ కుర్రాడికి కాగితం మీద ఏదీ చెరపని టొఫోలీ గేటు గీసి ఇచ్చాను. మూడు బిట్లు లోపలికి, మూడు బయటికి. వరసగా రెండుసార్లు పెడితే మళ్లీ మొదటికే వస్తుందని వాడే కనిపెట్టాడు. ఏసీ మెకానిక్ వచ్చేసరికి సాయంత్రం అయిదయింది.