సవరణ: బొలెరో వెనక కుంగితే షాకబ్జర్లు కాదు, కమాన్ కట్టలు చూడండి

పాత బొలెరో వెనక కుంగితే షాకబ్జర్లు మార్చమని ఇంతకుముందు రాశాను. ఆ మాట తీసేస్తున్నాను. బరువు మోసేవి కమాన్ కట్టలు, అంటే ఒకదానిపై ఒకటి పేర్చి బిగించిన వంపు ఉక్కు పట్టీలు (లీఫ్ స్ప్రింగులు). షాకబ్జర్లు ఊపును ఆపుతాయంతే.

ఖాళీ బండిని చదునైన చోట నిలిపి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా రెండు వైపులా టేపుతో కొలవండి. ఒకవైపే తగ్గితే పట్టీ విరిగిందేమో చూడాలి. విరుపు చాలాసార్లు పట్టీలను మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు దగ్గరే, మట్టి కింద కనబడకుండా ఉంటుంది. దానికి వెల్డింగ్ వద్దే వద్దు, పట్టీ మార్చాల్సిందే.

విరగకుండా రెండు వైపులా వాలితే, కట్ట విప్పించి పట్టీలకు మళ్లీ వంపు పెట్టించడం చవక. కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు మాత్రం కొత్తవే వేయించండి. అదనపు పట్టీ వేస్తే ఖాళీ బండి బాగా ఎగురుతుంది, వెనక కూర్చున్న పెద్దవాళ్ల నడుముకు కష్టం.

వెనక కాయిల్ (చుట్ట) స్ప్రింగులున్న స్కార్పియోకి ఇది వర్తించదు. ఆ స్ప్రింగులను జతగా మార్చాలి.