శిక్ష యంత్రానికి, నష్టం కొన్నవాడికి

2124-4508. చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో బర్మా బజార్‌లోనో వాడిన స్విచ్ 2, అంటే నింటెండో కంపెనీ వీడియో గేమ్ కన్సోల్, కొనాలనుకునేవాళ్లు ఈ అంకెను గుర్తుపెట్టుకోవాలి. నింటెండో ఒక కన్సోల్‌ను తన ఆన్‌లైన్ సేవల నుంచి వెలివేస్తే తెర మీద కనిపించేది ఇదే. ఫ్యాక్టరీ రీసెట్ చేసినా పోదు, కొత్త ఖాతా తెరిచినా పోదు. వేటు పడింది మనిషి మీద కాదు, యంత్రం మీద. చేతులు మారినా అది యంత్రంతోనే వెళ్తుంది.

ఆన్‌లైన్ ఆటలో మోసం చేసేవాళ్లను బయటికి పంపాల్సిందే, ఆటలు తయారుచేసేవాళ్ల పొట్టను పైరసీ కొడుతుందన్నదీ నిజమే. తప్పు చేసిన ఖాతాను మూసేస్తే మేము ఒక్క మాట అనం. యంత్రాన్ని శిక్షిస్తామంటేనే ఒప్పుకోం.

2025 మేలో నింటెండో అమెరికా వినియోగదారుల ఒప్పందాన్ని మార్చింది. నిబంధనలు మీరితే పరికరాన్ని పూర్తిగా గానీ కొంతమేర గానీ శాశ్వతంగా పనికిరాకుండా చేయవచ్చని అందులో రాసుకుంది. జూన్ 5న స్విచ్ 2 వచ్చింది. కాపీ తీసిన ఆటలను ఆడించే మిగ్ స్విచ్ అనే కార్డు పెట్టిన యంత్రాలపై ఆ నెలలోనే వేట్లు మొదలయ్యాయి. బ్రెజిల్‌లో సావో పాలో వినియోగదారుల సంస్థ ప్రోకాన్ ఆ ఒప్పందాన్ని తప్పుపట్టింది. మాకు తెలిసి మన దగ్గర ఎవరూ నోరు మెదపలేదు.

అసలు ఈ పట్టుకోవడం ఎలా జరుగుతుందో చూడండి. ప్రతి గేమ్ కార్డులో దానికి మాత్రమే చెందిన సర్టిఫికెట్, అంటే డిజిటల్ గుర్తింపు, ఒకటి ఉంటుంది. ఒకడు కార్డును కాపీ తీసుకుని అసలు కార్డును అమ్మేస్తాడు. అప్పుడు ఒకే సర్టిఫికెట్ రెండు యంత్రాల నుంచి నింటెండో సర్వర్‌కు చేరుతుంది. వాటిలో దొంగ ఎవరో, డబ్బిచ్చి కొన్నది ఎవరో సర్వర్‌కు తెలియదు. వాడిన కార్డులు కొన్న ఒక విదేశీ వినియోగదారుడికి ఇలాగే వేటు పడింది. కార్డుల ఫోటోలు తీసి పంపాక ఎత్తేశారు. అంటే మొదటే ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

చెన్నైలో ఆ ఫోటోలు ఎవరికి పంపాలి? ఇక్కడ దొరికే నింటెండో యంత్రాల్లో చాలా వరకు దిగుమతి సరుకే. కౌంటర్ మీద టీవీకి తగిలించి, ఒక ఆట ఆడించి, జాయ్‌స్టిక్కులు అటూ ఇటూ తిప్పి చూపిస్తారు. అన్నీ బాగున్నట్టే ఉంటుంది. మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి నింటెండో ఆన్‌లైన్ దుకాణం ఈషాప్ తెరిచి చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. డబ్బు చేతిలో పెట్టకముందే ఆ పని చేయండి. అయినా పూర్తి భరోసా లేదు, ఎందుకంటే పాత యజమాని చేసినదానికి వేటు నెల తర్వాతైనా పడొచ్చు. గేమ్ కీ కార్డులదైతే మరీ ఘోరం. ఆ కార్డులో ఆట ఉండదు, తాళంచెవి మాత్రమే ఉంటుంది. ఆటను సర్వర్ నుంచి దింపుకోవాలి. వెలివేసిన యంత్రంలో ఆ కార్డు ప్లాస్టిక్ ముక్క.

ఇది ఒక్క నింటెండో తెగులు కాదు. 2009 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ మార్పులు చేసిన ఎక్స్‌బాక్స్ 360లను పెద్ద ఎత్తున లైవ్ అనే తన ఆన్‌లైన్ సేవ నుంచి తొలగించింది. అలా తొలగించినవి పాత సామాను అంగళ్లకు చేరాయి. ఆ యంత్రంలో డిస్క్ డ్రైవ్‌కూ మదర్‌బోర్డుకూ ఒకే కీ, అంటే రహస్య సంకేతం, ఉండాలి. డ్రైవ్ చెడిపోయి ఇంకోటి బిగిస్తే ఆటలు చదవదు. పాత డ్రైవ్ నుంచి కీ తీసి కొత్తదానిలో రాయాలి. నిజాయతీగల మెకానిక్ చేసేదీ అదే పని, పైరసీవాడు మొదట చేసేదీ అదే పని. ఉద్దేశం ఒక్కటే తేడా.

ఆ ఉద్దేశాన్నే మన చట్టం అడుగుతుంది. కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ ప్రకారం కాపీ తీయకుండా పెట్టిన సాంకేతిక తాళం పగలగొట్టినవాడికి రెండేళ్ల వరకు జైలు. కానీ హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో చేశాడని కోర్టులో రుజువు కావాలి. జైలుకు పంపే చట్టానికే విచారణ కావాల్సి వస్తే, కంపెనీకి అక్కర్లేదా? వేటుకు ముందు నోటీసు ఉండదు, సాక్ష్యం చూపరు, వాదన వినరు. ఒప్పందం రాసింది వాళ్లే, ఫిర్యాదు చేసింది వాళ్లే, తీర్పు చెప్పిందీ వాళ్లే.

2019 వినియోగదారుల రక్షణ చట్టం, సెక్షన్ 2(46), సరైన కారణం లేకుండా ఏకపక్షంగా రద్దుచేసుకునే హక్కును ఒక పక్షానికి ఇచ్చే ఒప్పందాన్ని అన్యాయమైన ఒప్పందం అంటోంది. అలాంటి ఫిర్యాదు జిల్లా వినియోగదారుల కమిషన్ వినదు, రాష్ట్ర కమిషన్‌కే వెళ్లాలి. వాడిన కన్సోల్ కోసం అంత దూరం ఎవరు వెళ్తారు? కంపెనీల ధీమా అదే.

బొమ్మల గొడవ కదా అని కొట్టిపారేస్తున్నవాళ్లు ఒకటి గమనించాలి. కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో రిపేర్ హక్కు గురించి మాట్లాడినప్పుడు ట్రాక్టర్లు, ఫోన్లు, వాహనాలు ప్రస్తావించింది. అలాంటి యంత్రాలను కూడా ఇప్పుడు సర్వర్‌కు కట్టేస్తున్నారు. కన్సోల్ విషయంలో ఊరుకుంటే రేపు బోరు మోటారు కంట్రోలర్ విషయంలోనూ ఇదే నిబంధన చూపిస్తారు. రిపేర్ హక్కు పేరుతో పోర్టల్ ఒకటి పెట్టి చేతులు దులుపుకున్న ఆ శాఖ, వేటుకు ముందు నోటీసు, కారణం, అప్పీలు, చేతులు మారిన యంత్రానికి మినహాయింపు, ఈ నాలుగింటినీ ఎందుకు తప్పనిసరి చేయలేదో చెప్పాలి. మూడేళ్లకు పైగా నిద్రపోయింది చాలు.