అద్దం బాగానే ఉంటుంది, రబ్బరే ముందు పోతుంది

చలికాలం తెల్లవారుజామున కాకినాడ కుంభాభిషేకం రేవు దగ్గర నిలబడితే, ఆటుకి తేలిన బురద మేటల మీద పక్షులు చుక్కల్లా కనిపిస్తాయి. వాటిలో నారింజ ముక్కున్న ఇండియన్ స్కిమ్మర్‌ని పోల్చుకోవాలంటే బైనాక్యులర్స్ ఉండాల్సిందే. లక్షలు పెట్టి కొనేవాటి గురించి మాటొస్తే అందరూ అద్దం గురించే అడుగుతారు. గోదావరి డెల్టాలో తిరిగేవాళ్లు అడగాల్సింది రబ్బరు గురించి అంటాను నేను.

అద్దం సంగతి చాలావరకు తేలిపోయింది. రూఫ్ ప్రిజంలో, అంటే తలకిందులైన బొమ్మని నిటారుగా తిప్పే లోపలి గాజు దిమ్మెలో, వెలుగు రెండు పాయలుగా చీలి మళ్లీ కలిసేటప్పుడు బొమ్మ కాస్త పలచబడేది. 1988లో జైస్ కంపెనీ ప్రిజం మీద ఫేజ్ కోటింగ్ అనే పలచటి పూత తెచ్చాక ఆ లోపం తీరింది. ఇవాళ పేరున్న కంపెనీల 8x42లు (8 రెట్లు పెద్దగా చూపేవి, ముందు అద్దం 42 మిల్లీమీటర్ల వెడల్పున్నవి) పక్కపక్కన పెట్టి చూస్తే తేడా పట్టుకోవడం కష్టం. 10 రెట్లవి ఇంజిన్ బోటు మీద వణుకుతాయి, మన పాయల్లో 8 చాలు.

అసలు పరీక్ష గాలితోనే. పాత దుర్భిణిల్లో ఫోకస్ తిప్పినప్పుడల్లా కంటివైపు గొట్టాలు ముందుకూ వెనక్కూ జరిగేవి. తిప్పిన ప్రతిసారీ అవి ఊపిరి పీల్చినట్టు బయటి గాలిని లోపలికి లాక్కునేవి. కోరంగి మడ అడవుల్లో ఆ గాలి నిండా తడి, ఉప్పు. కొన్నాళ్లకు ప్రిజం మీద సాలెగూడులా బూజు పట్టేది. ఇప్పటి ఖరీదైనవాటిలో ఫోకస్ అద్దం లోపలే కదులుతుంది, గొట్టాల్లో పొడి నైట్రోజన్ నింపి రబ్బరు రింగులతో బిగిస్తారు. ఏసీ గదిలోంచి బయటికి రాగానే అద్దం మసకబారితే కంగారు పడక్కర్లేదు, అది పైన పట్టిన చెమ్మ. మసక లోపలివైపు కనిపించిందంటే మాత్రం సీలు పోయినట్టే.

వాటర్‌ప్రూఫ్ వల్ల మనకు దక్కే పెద్ద లాభం ఒకటుంది, చాలామంది దాన్ని వాడుకోరు. బోటు దిగాక అద్దాల మీద ఉప్పు ఎండి సన్నటి రవ్వలా ఉంటుంది. దాన్ని తువ్వాలుతో తుడిస్తే కోటింగ్ మీద గరుకు కాగితం రుద్దినట్టే. ముందు మంచినీళ్లు పోసి కడగాలి, తర్వాతే మెత్తటి గుడ్డ. సీలు బాగున్నవాటికి ఈ స్నానం ఏ హానీ చెయ్యదు.

ఇక బైనాక్యులర్స్ ఒంటికి అంటించే రబ్బరు పైతొడుగు. నాకు దెబ్బ తగిలింది ఇక్కడే. మడ అడవిలో దోమల క్రీమ్ రాసుకోకుండా గంట కూర్చోలేం. అలాంటి చాలా క్రీముల్లో ఉండే డీట్ అనే రసాయనం కొన్ని ప్లాస్టిక్‌లనూ రబ్బర్లనూ కరిగిస్తుంది. చెమట, ఎండ దానికి తోడు. మూడో ఏడాదికి నా బైనాక్యులర్స్ మీద సరిగ్గా బొటనవేలు ఆనే చోట తొడుగు బంకలా అయి, ఉబ్బి, ఊడొచ్చింది. కంపెనీకి రాస్తే మొత్తం విదేశానికి పంపమన్నారు, నెలలు పడుతుందన్నారు. శీతాకాలం వలస పక్షులు వచ్చే కాలమంతా అది పార్సిల్‌లో ఉండాలన్నమాట!

ఇది డిజైన్ లోపమే అని నా గట్టి అభిప్రాయం. లోపలి ప్రిజాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా అమర్చగలిగినవాళ్లు, తొడుగుని మాత్రం జిగురుతో శాశ్వతంగా అంటిస్తున్నారు. కంటి కప్పులు మరతిప్పి విప్పుకునేలా ఇస్తున్నారు కదా, తొడుగు కూడా అలాగే విడిగా అమ్మొచ్చు. 1999లో స్వరోవ్‌స్కీ కంపెనీ తన ఈఎల్ మోడల్‌కి రెండు గొట్టాల మధ్య వేళ్లు దూరేంత ఖాళీ వదిలి, చేతి పట్టుని కొత్తగా ఆలోచించింది. ఆ శ్రద్ధే చెమటపట్టే చేతుల మీదా చూపించాలి. ఉప్పుగాలికి పనికిరాని తొడుగుని జీవితకాలం మన్నే వస్తువు అని అమ్మకూడదు.

నా బైనాక్యులర్స్ పార్సిల్‌లో వెళ్లలేదు. మా వీధిలో సైకిల్ షాపాయన పాత ట్యూబు కోసి, ఊడిన చోట చుట్టి అంటించాడు. దాంతోనే ఈ జనవరిలో హోప్ ఐలాండ్ వైపు వెళ్లాను. అద్దం మొదటిరోజు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది.