పెద్దలకు స్కానింగు పాఠాలా? ససేమిరా!

అరవై దాటినవాళ్లకు స్కానింగుల గురించి నేర్పాలట! ఏది ఎక్స్‌రే, ఏది సీటీ, ఏది ఎమ్మారై, దేనికి పరగడుపున రావాలి, దేనికి నగలు తీసి రావాలి, అన్నీ కూర్చోబెట్టి చెప్పాలట. స్విమ్స్, రుయా, బర్డ్ అని ఇన్ని ఆసుపత్రులు ఉన్న తిరుపతిలో ఇలాంటి ఆలోచన పుట్టడమే విచారకరం. నేను తీవ్రంగా ఖండిస్తున్నాను.

ఇప్పుడు పని ఎంత సజావుగా సాగుతోందో చూడండి. పీలేరు నుంచి పెద్దాయన తెల్లారి బస్సుకే దిగుతాడు, వెంట కొడుకు. డాక్టరు కొడుకుతో మాట్లాడతాడు, కొడుకు సెల్‌ఫోనుతో మాట్లాడతాడు. పెద్దాయనతో ఎవరూ మాట్లాడరు గనుక ఆయనకు తప్పుడు సమాచారం అందే ప్రమాదమే లేదు.

"ఏందప్పా ఇది?"

"ఏం లేదులే నాయనా, ఫోటో తీస్తారంతే."

ఫోటో అన్నారు కదాని ఆయన తల దువ్వుకుని మరీ లోపలికి పోతాడు. ఎమ్మారై మిషన్లో అరగంట సేపు చెవుల పక్క రోకళ్లు దంచుతున్నట్టు చప్పుడు. బయటికొచ్చి, "ఈ కరెంటు పెట్టినాక మోకాలు కొంచెం తేలికైందప్పా. ఇంకోసారి పెట్టిస్తే పూర్తిగా పోతాది" అంటాడు. పరీక్షతోనే జబ్బు నయమవుతున్న ఏకైక ప్రాంతం మనది. అది మందు కాదు తాతా, లోపల ఏముందో చూడటమే అని చెప్పి ఆ మోకాలికి మళ్లీ నొప్పి తెప్పించడం ఏం న్యాయం?

పైగా చదువు ఒకదాంతో ఆగదు. ఛాతీ ఎక్స్‌రేకు పడే రేడియేషన్ 0.1 మిల్లీసీవర్టు దరిదాపుల్లో ఉంటుందనీ, ఇంట్లో ఊరికే కూర్చున్నా నేల నుంచీ ఆకాశం నుంచీ పది పదిహేను రోజుల్లో అంత అందుతుందనీ తెలిస్తే ఎక్స్‌రేకు భయపడటం మానేస్తారు. పొట్ట సీటీకి అదే రెండు మూడేళ్ల లెక్క అని తెలిస్తే మాత్రం, "పోయిన నెల చిత్తూరులో తీసింది ఈ కవర్లోనే ఉంది, మళ్లీ ఎందుకు నాయనా?" అని అడుగుతారు. ఎమ్మారైకి అయస్కాంతమే తప్ప ఆ కిరణాలు ఉండవని కూడా తెలిసిందంటే ఇక బేరాలే.

నగల సంగతి సరే సరి. రాంట్‌గెన్ దొర 1895లో ఎక్స్‌రే కనిపెట్టి తన భార్య చేతికి ఉంగరంతో సహా ఫోటో తీశాడు, ఎవరూ కాదనలేదు. మన అవ్వ దగ్గరికొచ్చేసరికి ఎమ్మారై గుమ్మంలో తాళి, మెట్టెలు, ముక్కుపుడక అన్నీ తీయమంటారు. నలభై ఏళ్లుగా కదలని ముక్కుపుడక సబ్బు నురగకు లొంగుతుందా? ముందురోజే చెప్పి ఉంటే ఇంట్లోనే తీసి, తాళికి బదులు పసుపుకొమ్ము కట్టుకుని వచ్చేది. అప్పుడు బయట కూర్చున్న పదిమందికి కాలక్షేపం ఏముంటుంది?

పొట్ట అల్ట్రాసౌండ్ స్కానింగుకు "పరగడుపున రా, నీళ్లు మాత్రం తాగు" అంటారు. కాఫీ కూడా నీళ్లే కదాని తాత తాగేస్తాడు. పాలు పడగానే పిత్తాశయం ముడుచుకుంటుంది, రాళ్లు సరిగా కనపడవు, రేపు మళ్లీ రావాలి. బస్సులకూ ఆదాయం కావాలి కదా.

అన్నింటికన్నా ప్రమాదం, తెలిసిన అవ్వ. ఎమ్మారై అనగానే, గుండెకు పేస్‌మేకరుందని తనే ముందు చెబుతుంది. సీటీకి రంగుమందు ఎక్కిస్తామంటే, "కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ చూసినారా? నేను చక్కెరకు మెట్‌ఫార్మిన్ మింగతా ఉండా" అంటుంది. లోపలున్న అబ్బాయికి తెలిసిన మాటలు రెండే: ఊపిరి బిగబట్టు, కదలొద్దు. పాపం, ఆ రెండూ ఇప్పుడు వాడే చేయాలి.

కాబట్టి నా మనవి. స్కానింగు సెంటర్లలో 'లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు' అన్న బోర్డు పక్కనే 'ప్రశ్నలు అడగరాదు' అని ఇంకో బోర్డు తగిలించాలి. తెలుగులో, పెద్ద అక్షరాలతో. మిగతా జాగ్రత్తలన్నీ ఇంగ్లీషులో, చీమతలకాయంత అక్షరాల్లోనే ఉన్నాయి గనుక వాటితో ఇబ్బంది లేదు.