ఎన్డీసీ కాగితం గారికి ఉప్పాడ నుంచి ఒక ఉత్తరం

మహారాజశ్రీ ఎన్డీసీ కాగితం గారికి,

కాకినాడ పక్క ఉప్పాడ నుంచి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెడదామనుకున్నా గానీ 2025 అక్టోబర్లో మోంథా తుపాను వచ్చినప్పుడు అలలు మళ్ళీ బీచ్ రోడ్డు ఎక్కాయి, పైగా తాతగారి ఇల్లు ఎక్కడుండేది అని అడిగితే మా బాబాయ్ వీధి వైపు కాదు నీళ్ళ వైపు చెయ్యి చూపిస్తాడు, కాబట్టి క్షేమం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఢిల్లీలో మీరు క్షేమమని తలుస్తాను.

మీరెవరో తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. వాతావరణ మార్పు మీద దేశాలన్నీ చేసుకున్న పారిస్ ఒప్పందం కింద ప్రతి దేశం మేం ఇంత పొగ తగ్గిస్తాం అని ప్రపంచానికి రాసిచ్చే ప్రోనోటు మీరు. మన దేశం 2015లో మొదటిసారి రాసిచ్చింది, 2022 ఆగస్టులో తిరగరాసింది. ఆ 2022 కాపీ నేను కూర్చుని చదివా, చిన్నదే, టీ చల్లారేలోపు అయిపోయింది. జీడీపీలో రూపాయికింత అని లెక్కేసే పొగ 2005తో పోలిస్తే 2030 కల్లా 45 శాతం తగ్గాలి, కరెంటు కెపాసిటీలో సగం బొగ్గూ గ్యాసూ కానిదై ఉండాలి, అడవులూ చెట్లూ పెంచి అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వాటిచేత మింగించాలి. ఆ రెండోది ఐదేళ్ళ ముందే, 2025లోనే సాధించేశారు. ఇందులో వెటకారం లేదండీ, నిజంగానే శెభాష్.

కానీ సార్, ఇంతకీ మా సముద్రం ఏదీ?

2015 కాపీలో ఉంది లెండి, కాదనను. అయితే తీరప్రాంతాలకి ముప్పు అని రాసిన చోట, అంటే పేషెంట్ల లిస్టులో ఉంది, డాక్టర్ల లిస్టులో లేదు. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు మింగేది అదే, భూమ్మీద పేరుకుపోయిన అదనపు వేడిలో 90 శాతం పైగా మోసేది అదే, జీతం లేదు, సెలవు లేదు, పీఎఫ్ అసలే లేదు. 2008లో వాతావరణం మీద జాతీయ కార్యాచరణ ప్రణాళిక అని ఎనిమిది మిషన్లు పెట్టారు, సోలార్‌కి ఒకటి, నీళ్ళకి ఒకటి, వ్యవసాయానికి ఒకటి, హిమాలయాలకి కూడా ఒకటి. పెద్దల్లుడు కదా, పీట వేశారు. చిన్నల్లుడు సముద్రం మాత్రం గుమ్మం బయట చెప్పుల దగ్గర నిలబడ్డాడు.

2021లో గ్లాస్గో వాతావరణ సదస్సుకి వెళ్ళి ఐదు హామీలు ఇచ్చి వాటికి పంచామృతం అని పేరు పెట్టారు, అప్పుడు నాకు అర్థమైంది అసలు కిటుకు. పంచామృతంలో పాలు, పెరుగు, నెయ్యి, తేనె, పంచదార వేస్తారు, ఉప్పు ఎవరు వేస్తారండీ? తర్వాత 2023 బడ్జెట్లో మడ అడవుల కోసం ఒక స్కీము తెచ్చారు, దానికి పేరు మిష్టి, బెంగాలీలో మిఠాయి అని అర్థం. ఉప్పునీళ్ళలో పెరిగే చెట్టుకి మిఠాయి పేరు! పేరు సంగతి వదిలేద్దాం, స్కీము మంచిదే, ఐదేళ్ళలో 540 చదరపు కిలోమీటర్ల మేర మడ చెట్లు పెంచాలని. దేశం మొత్తం మీద మడ అడవులు ఉన్నదే 4,992 చదరపు కిలోమీటర్లు, అందులో మన రాష్ట్రంలో 421, కాబట్టి 540 అంటే చిన్న మాటేం కాదు.

నా గొడవ వేరే. మడ అడవి మీ లెక్కలోకి రాగలిగిందంటే అది చెట్టు వేషంలో వచ్చింది కాబట్టి. అసలు సరుకున్నది చెట్టులో కాదు. ఒకసారి కోరంగి మడ అడవి వైపు బాబాయ్ పడవలో వెళ్ళా, పాటు టైము, నీళ్ళు తీసేసి మడ వేర్లు బురదలో పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకి నిలబడి ఉన్నాయి, అవి ఊపిరి పీల్చుకునే వేర్లు. హీరోలాగా దిగా, మోకాలి దాకా కూరుకుపోయా, కాలు పైకి లాగితే చెప్పు లోపలే ఉండిపోయింది, కుళ్ళిన కోడిగుడ్డు కంపు ముక్కు పగలగొట్టేసింది. బాబాయ్ నవ్వుకుంటూ మోచేతి దాకా చెయ్యి పెట్టి నల్లటి ముద్ద ఒకటి తీసి విడదీస్తే అందులో ఆకు, ఈనెతో సహా కనిపిస్తోంది, ఎప్పుడు రాలిందో ఏమో. అక్కడ గాలి ఆడదు కాబట్టి సరిగా కుళ్ళదు, కుళ్ళదు కాబట్టి దానిలో కార్బన్ పైకి రాదు, అలా ఏళ్ళ తరబడి మీటర్ల లోతున పేరుకుంటుంది, ఆ కంపే దానికి రసీదు. రొయ్యల చెరువు కోసం తవ్వారనుకోండి, బురదకి గాలి తగిలి అన్నాళ్ళూ దాచిందంతా బయటికి కక్కేస్తుంది. ఇదంతా నేను ఫోన్లో చదివి బాబాయ్‌కి పెద్ద లెక్చర్ ఇస్తే ఆయన ఒకటే అన్నాడు, "బురదకి జీతం ఎవడిస్తాడ్రా."

మీ రూల్లో "అడవులు, చెట్లు" అని ఉంది. బురద చెట్టు కాదు, తమిళనాడు పక్క పాక్ బేలో సముద్రపు ఆవులు మేసే సముద్రపు గడ్డి అంతకంటే చెట్టు కాదు, కాబట్టి అవి రెండూ బయట. మడి కట్టుకున్న ఇంట్లో కూడా ఇంత పట్టింపు ఉండదేమో. లెక్క కట్టడం రాదు అంటారా, మడ అడవికీ, ఉప్పు చిత్తడికీ, సముద్రపు గడ్డికీ ఎలా కట్టాలో ఐపీసీసీ వాళ్ళు, అదే ఐక్యరాజ్యసమితి వాతావరణ సైంటిస్టుల సంఘం, 2013లోనే పుస్తకం వేసి ఇచ్చారు.

పైగా చెట్టు అంటే ఏ చెట్టయినా ఒకటే మీ లెక్కలో. గ్రేట్ నికోబార్‌లో పోర్టూ ఎయిర్‌పోర్టూ టౌన్‌షిప్పూ కట్టడానికి 130 చదరపు కిలోమీటర్ల అడవి ఇచ్చి, దానికి బదులు మొక్కలు హర్యానాలో నాటుతామన్నారు. హర్యానాకి సముద్రం ఎక్కడుందో నాకైతే తెలీదు, ఉంటే చెప్పండి, వీకెండ్‌కి వెళ్ళొస్తాం.

నాటడం గురించి కూడా చెప్పాలి, ఫోటో కోసం ఖాళీ బురద కనపడిన చోటల్లా మొక్క గుచ్చేస్తే బతకదు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఫారెస్టు వాళ్ళు, స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు ఊళ్ళవాళ్ళని కలుపుకుని ముందు చేప ముల్లు ఆకారంలో కాలవలు తవ్వారు, మధ్యలో పెద్దది, రెండు పక్కలా చిన్నవి, పోటు నీళ్ళు లోపలిదాకా వచ్చి పోయేలా చేసి ఆ తర్వాతే మొక్కలు. కాలవ తవ్వుతుంటే ఫోటో బాగా రాదు, అదొక్కటే దానిలో లోపం.

సముద్రం మీద ప్రయోగాలు చెయ్యలేదా అంటే చేశారండీ. 2009లో జర్మనీ వాళ్ళతో కలిసి దక్షిణ అట్లాంటిక్‌లో 300 చదరపు కిలోమీటర్ల నీళ్ళలో ఇనుము కలిపారు, పేరు లోహాఫెక్స్, అంటే సముద్రానికి ఐరన్ టానిక్ అన్నమాట. నాచు పెరిగి కార్బన్‌ని పట్టుకుని అడుక్కి దిగుతుందని ఆశ. నాచు పెరిగింది, చిన్న చిన్న రొయ్యల్లాంటి పురుగులు పండగ చేసుకుని దాన్ని తినేశాయి, అడుక్కి దిగింది బహు కొంచెం. ఇక సముద్రం మీద గాలిమరలు, 2015లో పాలసీ వచ్చింది, 2022కల్లా 5 గిగావాట్లు, 2030కల్లా 30 అని 2018లో టార్గెట్ చెప్పారు, 2022 వచ్చింది, వెళ్ళింది, ఒక్క మర కూడా తిరగలేదు, గాలి మాత్రం రోజూ డ్యూటీకి వస్తోంది. సముద్రం అడుగున ఏమున్నాయో తవ్వి చూసే మిషన్‌కి మాత్రం 2021లో 4,077 కోట్లు ఇచ్చారు. అందులో వాతావరణానికి కూడా ఒక భాగం ఉంది లెండి, అన్యాయంగా మాట్లాడకూడదు.

అన్నట్టు కంగ్రాట్స్ చెప్పడం మర్చిపోయా. దేశం తీరం 7,516 కిలోమీటర్లు అని స్కూల్లో బట్టీ పట్టాం, ఈ మధ్య ఇంకా సన్నంగా కొలిచి 11,098 అని తేల్చారు. మన రాష్ట్రానిది 974 నుంచి 1,053 అయ్యింది. కాగితం మీద మాకు ఎనభై కిలోమీటర్లు కలిసొచ్చిన ఈ రోజుల్లోనే ఉప్పాడలో ఇంకో వరస ఇళ్ళ గోడలకి పగుళ్ళొచ్చాయి.

ఈసారి మిమ్మల్ని తిరగరాసేటప్పుడు ఎక్కడో ఒక చోట ఒక్క లైను వెయ్యండి, బురద అని రాయడానికి నామోషీ అయితే, తీరం దాచుకునే ఈ కార్బన్‌కి పెట్టిన పేరుంది కదా, బ్లూ కార్బన్ అని రాసుకోండి, ఇంగ్లీషులో కంపు కొట్టదు. జవాబు పాత అడ్రస్సుకే పంపండి, కాస్త తొందరగా పంపండి, వీధి పేరు ఇంకా అలాగే ఉంది గానీ వీధి సగమే మిగిలింది.

ఇట్లు,
1,053 కిలోమీటర్లలో ఒక పది గజాలవాడు